ముడి వేసిన చేతులు

ఆ ఆసుపత్రిలో పైనంతా డాక్టర్లు, నర్సులు, రోగులు, వాళ్ళని చూడ్డానికి పళ్ళ సంచులతో వచ్చే చుట్టాలు. కిందంతా ఆవిరి. నేలమాళిగలో ఉన్న లాండ్రీలో పెద్ద పెద్ద డ్రమ్ములు పొద్దస్తమానం దుప్పట్లను గిరగిరా తిప్పుతుంటాయి. పిండిన దుప్పటిని వేడి రోలరు ఒకవైపు మింగి ఇంకోవైపు చదునుగా వదులుతుంది. అక్కడొక పొడవాటి బల్ల, ఆ బల్ల దగ్గర మడతలు పెట్టే మనిషి. ఆమె కథ ఇది. వినగానే లేచి చప్పట్లు కొట్టే కథ కాదు, ముందే చెప్తున్నాను.

లాండ్రీలో అందరూ ఆమెను మడతలమ్మాయి అనేవారు. ఆమె మడిచిన దుప్పటి అంచులు కత్తితో కోసినట్టు కలిసేవి. "ఈ అమ్మాయి మడిచిన దుప్పటి మీద పడుకోవాలంటే రోగానికే సిగ్గేస్తుంది" అనేవాడు ట్రాలీలు తోసే ఆయన. ఆయన్ని ఈల మామ అంటారు, ఎప్పుడూ ఏదో ఒక పాట ఈల వేస్తూ ట్రాలీ తోసేవాడు కాబట్టి. పొగడ్తకి ఆమె తల వంచుకుని నవ్వేది. కన్నతల్లి మొహం ఎరగని పిల్ల. చర్చివాళ్ళ హాస్టల్లో పెరిగింది. అక్కడ పిల్లలందరి పక్కలూ సర్దే పని తనే నెత్తిన వేసుకునేది, ఎవరూ అడగకుండానే. పని బాగా చేస్తే ఎవరూ పొమ్మనరని చిన్నప్పుడే కనిపెట్టింది పాపం.

ఆ లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. మడిచిన బట్టలు ట్రాలీలో పేర్చి, పైన తెల్లటి కప్పుగుడ్డ వేసి, దాని నాడాలు లాగి ముడి వేస్తారు. ముడి పడిందంటే ట్రాలీ సిద్ధం, తీసుకుపోవచ్చు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెప్పినా ఆ డ్రమ్ముల హోరులో వినపడి చావదు. ముడి లేకపోతే ఈల మామ ఆ ట్రాలీ వంక చూడనైనా చూడడు. ముడి ఉంటే ఆగడు. అందుకని మడతల బల్ల దగ్గర పనిచేసేవాళ్ళ చేతులకి ముడి వేయడం ఊపిరి తీయడం లాంటిది. మనసు ఎక్కడున్నా, చేతులు వేసేస్తాయి.

ఇది గుర్తుంచుకోండి. మిగిలినదంతా దీన్నుంచే వచ్చింది.

ఆమె భర్త బేకరీ వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే పోతాడు, సాయంత్రానికి నిద్ర మొహంతో వస్తాడు. మంచివాడు. మంచివాడు అన్నాక ఇంకేం చెప్పాలో తోచని రకం. వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పుట్టకముందు చర్చిలో ఆడవాళ్ళంతా ఆమెకి ఒకటే మాట చెప్పారు, "చేతుల్లోకి తీసుకోగానే చూడు, గుండె పొంగిపోతుంది." చేతుల్లోకి తీసుకుంది. ఏమీ పొంగలేదు. ఇంకాసేపు పట్టుకుని చూసింది. పక్క మంచం మీది బాలింత బిడ్డను చూసి వెక్కివెక్కి ఏడుస్తోంది సంతోషంతో. మడతలమ్మాయికి మాత్రం, ఎవరో ఒక మూట ఇచ్చి కాసేపు పట్టుకోమని వెళ్ళినట్టుంది. వాళ్ళింకా రాలేదేమా అన్నట్టుంది.

ఇలాంటి మాట ఎవరికి చెప్పుకుంటాం? కాకి పిల్ల కాకికి ముద్దంటారే, మరి తను కాకికన్నా కనాకష్టమా? అనుకుని నోరు మూసుకుంది. పాలిచ్చింది, నీళ్ళు పోసింది, గుడ్డలు మార్చింది. పక్కింటావిడ వచ్చి చూసి, "పిల్లని అద్దంలా ఉంచుతున్నావే!" అంది. నిజమే. దుప్పట్లు చూసుకున్నట్టే చూసుకుంది, శుభ్రంగా, వంక పెట్టడానికి లేకుండా. లోపల మాత్రం అంతా బూడిద. పొద్దున్నే ప్రార్థన చేసేది, "ప్రభువా, ఈ పిల్ల మీద నాకు ప్రేమ పుట్టించు" అని. పిల్ల వంక చూసేది. పిల్ల ఆమె వంక చూసేది. ఇద్దరికిద్దరూ కొత్తవాళ్ళే.

మళ్ళీ పనిలో చేరాక పక్కింటావిడ పిల్లను చూసేది. ఆవిడకు జ్వరం వచ్చిన రోజున మడతలమ్మాయి పిల్లను చంకనేసుకుని లాండ్రీకి వచ్చింది. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఖాళీ ట్రాలీ ఒకదాన్లో మెత్తగా దుప్పట్లు పరిచి పడుకోబెడితే పిల్ల నిద్రపోయింది. పైకప్పు మీద ఆవిరి చేరి చుక్కలు చుక్కలుగా పడుతుంటుంది అక్కడ. పిల్ల మీద పడుతుందని కప్పుగుడ్డ సగం దాకా లాగింది. అంతలో రోలరు దుప్పట్లు వదలడం మొదలుపెట్టింది. వరస మీద వరస. మడిచింది, పేర్చింది, కప్పింది, ముడి వేసింది. మడిచింది, పేర్చింది, కప్పింది, ముడి వేసింది. రోలరు కాస్త ఆగితే పిల్ల లేచిందేమో చూద్దామని తిరిగింది.

ట్రాలీ లేదు.

ఆమె అరిచిన అరుపు డ్రమ్ముల హోరులో కూడా వినపడిందంటారు. మెట్లెక్కి పరిగెత్తింది. ఏ అంతస్తు? ఏ వార్డు? ఈల మామ ట్రాలీని పైన బట్టల గదిలో పెట్టి, తలుపు తాళం వేసి భోజనానికి వెళ్ళాడు. తాళం తీసేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చెమటతో తడిసి ముద్దయి, దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బతికే ఉంది. డాక్టరు చూసి ఏం ఫరవాలేదన్నాడు. పిల్లకు ఫరవాలేదు. తల్లి సంగతి ఎవరూ డాక్టర్ని అడగలేదు.

ఆ సాయంత్రమే ఆడబిడ్డ వచ్చింది. అంటే భర్త అక్క, ఈమెకి వదిన. నాలుగు వీధుల అవతల ఉంటుంది, పిల్లల్లేరు. ఎంత ప్రార్థించినా కలగలేదు. ఆవిడ ఏమీ అరవలేదు, అదే కష్టం. అరిస్తే తిరిగి ఏడవొచ్చు. పిల్ల గుడ్డలన్నీ సంచీలో సర్దుకుంటూ, "కొన్నాళ్ళు నా దగ్గర ఉండనీ అమ్మాయ్. నువ్వు కాస్త కుదుటపడు, తర్వాత చూద్దాం" అంది. మడతలమ్మాయి తలూపింది. కుదుటపడడమంటే ఏమిటో, అది పడ్డట్టు ఎవరు తేలుస్తారో, ఎవరూ ఎవర్నీ అడగలేదు. పిల్ల అప్పుడు బోర్లా పడుతోంది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

కుండ మూతికైతే మూకుడు పెట్టొచ్చు, లోకం మూతికి ఏం పెడతాం? ‘ట్రాలీ తల్లి’ అని పేరు పెట్టారు. ఎవరు పెట్టారో తెలీదు, అందరూ వాడారు. దుకాణంలో వెనక నుంచి వినపడేది. చర్చిలో మొహం మీద ఎవరూ అనలేదు. అక్కడ అంతా భక్తిపరులు కదా, వాళ్ళు చేసే పద్ధతి వేరు. ఆరాధన జరుగుతున్నప్పుడు ఏడ్చే పిల్లల్ని ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి అందించుకుంటారు. పాట అయ్యేసరికి పిల్ల బెంచీలన్నీ తిరిగి వస్తుంది. ఆ పిల్లలు మడతలమ్మాయి పక్క మనిషి దాకా వచ్చేవారు. ఆమె చేతులు చాచేది. పిల్ల ఆమె మీదుగా అవతలి మనిషికి పోయేది. రెండు మూడు సార్లు చూసి చేతులు చాచడం మానేసింది. ఆఖరి బెంచీలో గోడ వైపుకి జరిగి కూర్చునేది. వాళ్ళని నేను క్షమించినా దేవుడు క్షమిస్తాడో లేదో.

పని అయ్యాక రోజూ వదిన ఇంటికి వెళ్ళేది. కథలో విలన్ కావాలనుకునేవాళ్ళకి వదిన పనికిరాదు. మంచి మనిషి. పిల్లను బంగారంలా చూసుకుంటోంది. వంటగదిలో మూలలన్నిటికీ గుడ్డలు చుట్టింది, పిల్ల తల తగులుతుందని. పాడుతుంది, ఆడిస్తుంది, ముద్దలు చేసి తినిపిస్తుంది. మడతలమ్మాయి గుమ్మంలో కూర్చుని చూసేది. "బుడ్డీ, అమ్మొచ్చింది చూడు" అనేది వదిన. బుడ్డి తొంగి చూసి వదిన చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకునేది. "నిద్రొస్తోంది దానికి, అందుకే" అనేది వదిన. రోజూ నిద్రే వస్తుందా పాపం పిల్లకి!

ఒకరోజు పిల్ల పడబోయింది. దగ్గర్లో ఉన్నది మడతలమ్మాయే. చెయ్యి చాస్తే అందుతుంది. చాచలేకపోయింది. తన చేతుల్ని తనే చీర కింద దాచేసుకుంది. వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. ఇంటికి వచ్చి ఆమె ఆ రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

ఆ తర్వాతే వదిన ఆ మాట ఎత్తింది. చర్చిలో బిడ్డల ప్రతిష్ఠ ఆదివారం వస్తోంది. ఏడాది దాటిన పిల్లల్ని పాస్టరుగారి ముందుకు తీసుకెళ్తారు. "ఈ బిడ్డను దేవుని సన్నిధికి తెచ్చిన తల్లి ఎవరు?" అని ఆయన సంఘమంతటి ముందూ అడుగుతారు. "నేను" అని తల్లి పైకి చెప్పాలి. చెప్పిన మనిషి చేతుల్లోనే బిడ్డకి ప్రార్థన చేస్తారు. ఆ సంఘంలో అంతకు మించిన రిజిస్ట్రేషన్ లేదు. ఒకసారి చెప్పాక అంతే, ఎవరు కన్నారన్నది పాతమాట.

"నీకు కోపం రాకపోతే ఒకటంటాను" అంది వదిన, పిల్ల తల దువ్వుతూ. "ఆ రోజు నేనూ మా ఆయనా నిలబడతాం. నిన్ను తప్పు పట్టి కాదమ్మాయ్, ఒట్టు. నువ్వు దాన్ని ఎత్తుకోవడానికే భయపడుతున్నావు. నేను చూశాను. పిల్లకి ఒక తల్లి ఉండాలి కదా, అటో ఇటో. నువ్వు ఎప్పుడైనా రావొచ్చు, చూసుకోవచ్చు. అత్తలా."

అత్తలా! తల్లి అత్త, అత్త తల్లి. అయినా మడతలమ్మాయి తలూపింది. ఆ చేతులకి దూరంగా ఉంటే పిల్ల క్షేమంగా ఉంటుందని ఆమెకి నిజంగానే అనిపించింది. ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన చాలాసేపు బూట్ల లేసులు విప్పుతూనే ఉన్నాడు.

"అక్క చెప్పిందీ సబబుగానే ఉంది" అన్నాడు. "అయినా నీ ఇష్టం."

"నా ఇష్టమా? నాకు ఇష్టం అనేది ఉందో లేదో కూడా తెలీట్లేదండీ."

ఆయన లేచి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అంతకన్నా ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు.

లాండ్రీలో ఒక మూల చిరిగిన బట్టలు కుట్టే ముసలావిడ ఉంటుంది. సూది పెద్దమ్మ అంటారు. పళ్ళు సగం లేవు, నాలుక మాత్రం పూర్తిగా ఉంది. కుడుతూ గొణుగుతుంటుంది. పాట అనుకుంటారు గానీ ప్రార్థన. దిండు గలీబు కుడితే దాని మీద పడుకోబోయే రోగి కోసం, గౌను కుడితే ఆ డాక్టరు కోసం. "వాళ్ళెవరో నాకు తెలీదు, దేవుడికి తెలుసుగా, ఆయనే చూసుకుంటాడు" అంటుంది. మర్నాడు టీ వేళ మడతలమ్మాయి ఆవిడ పక్కన చతికిలబడింది.

"పెద్దమ్మా, ఒకటి చెప్తాను. తిట్టవుగా?"

"తిట్టేదయితే తిడతాను. ముందే మాటివ్వను. చెప్పు."

"ఆ ముడి... నేను కావాలనే వేశానేమో."

సూది ఆగింది. ముసలావిడ కళ్ళజోడు మీదనుంచి చూసింది.

"కావాలని వేశావా?"

"తెలీదు పెద్దమ్మా! అదే కదా నా చావు. నాకు పిల్ల మీద ప్రేమే పుట్టలేదు. పుట్టినప్పటి నుంచీ, ఎవరైనా వచ్చి తీసుకుపోతే బాగుండని లోపల ఎక్కడో ఉండేది. ముడి వేస్తే ఈల మామ తీసుకుపోతాడని నాకు తెలుసు. ఇక్కడ పనిచేసేవాళ్ళకి తెలియనిదా అది? నా చేతులు నా మనసు చెప్పినట్టే చేశాయేమో. కనిపారేసిన మనిషిని నేను తల్లినెలా అవుతాను?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నెలల తరబడి గొంతులో ముల్లులా ఉన్న మాట అది. బయటికొచ్చినా ఆమెకేం తేలిక పడలేదు.

పెద్దమ్మ ఓదార్చలేదు. మళ్ళీ సూది అందుకుంది.

"బైబిలు వాక్యంలో ఒక దాసి కథ ఉంది, విన్నావుగా. యజమానులు వెళ్ళగొడితే పిల్లాణ్ణి వేసుకుని ఎడారిలో పడింది. నీళ్ళు అయిపోయాయి. అప్పుడేం చేసింది?"

"పిల్లాణ్ణి పొద కింద పడేసి పోయింది" అంది మడతలమ్మాయి. హాస్టల్లో నేర్చుకున్న కథే.

"పడేసింది. మన మాటలు కాదు, అందులోనే అలా ఉంది. వాడు చావడం నేను చూడలేనని దూరంగా పోయి కూర్చుంది. మరి దేవుడు వచ్చి, ఛీ, నువ్వూ ఒక తల్లివేనా అన్నాడా? వీణ్ణి పిల్లల్లేని ఇంకో ఆవిడకి ఇస్తాను అన్నాడా? లే, వాణ్ణి ఎత్తు, చెయ్యి పట్టుకో అన్నాడు. అంతే. పని చెప్పాడు గానీ పనిలోంచి తీసెయ్యలేదే పిచ్చిదానా!"

"ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచి చెప్పాడు పెద్దమ్మా. నాకెవరు చెప్తారు?"

"అది నేనెలా చెప్పను? నేను దుప్పట్లు కుట్టేదాన్ని, దేవుణ్ణి కాదు" అని పంటితో దారం తెంపింది.

ఆ మాట పట్టుకుని ఆమె రోజూ పొద్దున్నే భర్త వెళ్ళాక ఖాళీ ఉయ్యాల పక్కన మోకరించేది. నన్ను కూడా పిలువు అని అడిగేది. చెవులు రిక్కించి వినేది. వీధిలో పాలబండి చప్పుడు, పై వాటాలో కుళాయి చప్పుడు. అంతే. ఎవరూ పిలవలేదు. ప్రార్థన గాల్లో కలిసిపోయిందనిపించేది. నాలాంటిదాని మొర ఆయన మాత్రం ఎందుకు వింటాడులే అని లేచి పనికి పోయేది. ప్రతిష్ఠ ఆదివారం దగ్గరపడుతున్న కొద్దీ అన్నం సహించడం మానేసింది. ఆదివారం రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లో పడుకుందామనుకుంది. కన్నబిడ్డను వేరొకరు నాది అంటుంటే విని తట్టుకునే శక్తి ఆమెకి లేదు, కాదు, నాది అనే ధైర్యం అంతకన్నా లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శనివారం పొద్దున భర్త ఒక కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మొహం చూడకుండా, "అక్క ఇచ్చింది. పిల్లకి రేపు వేసే గౌను. ఇస్త్రీ నీ అంత బాగా ఎవరూ చెయ్యరట" అన్నాడు. చూశారా! వదిన మనసులో విషం లేదు, నిజంగా ఇస్త్రీ కోసమే పంపింది. కొందరి అమాయకత్వం గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆమె ఆ గౌను లాండ్రీకి తీసుకెళ్ళి, పని అయిపోయి డ్రమ్ములన్నీ ఆగాక ఇస్త్రీ చేసింది. తెల్లటి బుల్లి గౌను. చేతుల అంచులకి కుచ్చులు. ఒక్కొక్క కుచ్చునూ ఇస్త్రీపెట్టె మొనతో విప్పింది. పిల్ల ఇంత పొడుగయిందా అనుకుంది. మెడ ఇంతేనా అనుకుంది. గౌనుని బల్ల మీద పరిచి, ఖాళీ చేతుల్లోకి తన చెయ్యి దూర్చింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఈ గౌను పంపను. ఎవరికీ ఇవ్వను. ఇక్కడే, ఈ బల్ల మీదే, నా కళ్ళ ముందే ఉండాలి. పంపను గాక పంపను. పిచ్చిదానిలా పైకే అంటోంది. అంటూనే నిలబడింది, కళ్ళనీళ్ళలో ఏమీ కనపడకుండా.

ఆఖరి ట్రాలీ కోసం ఈల మామ లోపలికి వచ్చాడు. బల్ల మీదికి చెయ్యి చాచి, "ఇది కూడా పైకేనా అమ్మా?" అన్నాడు.

"కాదు! ముట్టుకోకు!" అని అరిచింది.

ఆయన బిత్తరపోయాడు. "అబ్బే, ముడి వేసి ఉంటేనూ... అందుకని అడిగాను."

ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది. గౌను నాలుగు మడతలయి ఉంది. తెల్లగుడ్డ కప్పి ఉంది. పైన ముడి ఉంది. లాండ్రీ ముడి, గట్టిగా, వంక లేకుండా.

ఎప్పుడు వేసింది? పంపను పంపను అని నోరు అరుస్తుంటే, గుండె బద్దలవుతుంటే, ఆ చేతులు వాటి పని అవి చేసేశాయి. మడిచాయి, కప్పాయి, ముడి వేశాయి. ఆమె ఆ మూట వంక, తన చేతుల వంక చూసి అక్కడే నేల మీద కూలబడింది. పంపకూడదని ప్రాణం పెట్టుకున్నదాన్ని కూడా ఇవి కట్టేస్తాయి. అయితే ఆ రోజు...

ఈల మామ కూడా పక్కనే కూర్చున్నాడు. ఏదో పెద్దమనిషి, ఆడపిల్ల ఏడుస్తుంటే వదిలిపోలేక. కాసేపటికి ఆయనే ఏడవడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు కూడా ముడి చూసే తీసుకెళ్ళానమ్మా. దార్లో పిల్ల ఏడ్చే ఉంటుంది. నా ఈలలో నాకు వినపడలేదు" అన్నాడు. అప్పుడు గమనించింది ఆమె. ఆ రోజు నుంచి ఈయన ఈల వేయడం తను మళ్ళీ వినలేదు. ఇన్ని నెలలుగా తన గోతిలో తను కూర్చుని, పక్క గోతిలో ఇంకో మనిషి ఉన్నాడని చూడనేలేదు.

ఆమె లేచి ముడి విప్పింది. గౌనుని కవర్లో పెట్టలేదు. మడవనూ లేదు. రెండు చేతుల మీదా పరుచుకుని వీధిలో నడిచి ఇంటికి వచ్చింది. ఆకాశం నుంచి ఏ గొంతూ వినపడలేదు ఆమెకి, ఉన్నమాట చెప్పాలిగా. లోపలి బూడిదా పోలేదు. ఒక్కటే, ఆ చేతులు దొంగవి కావు, పిచ్చివి అని తెలిసింది. పిచ్చి చేతులకి పని నేర్పొచ్చు. లే, ఎత్తు, చెయ్యి పట్టుకో. ముసలావిడ చెప్పిన మూడు పనుల్లో రెండు చేతులతో చేసేవే. ఆ దాసితో కూడా దేవుడు ముందు ప్రేమ తెచ్చుకో, తర్వాత ఎత్తుకుందువుగాని అనలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. గౌను వదినకి ఇచ్చి తను ఆఖరి బెంచీలో గోడ పక్కన కూర్చుంది. పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలుస్తున్నారు. వదిన, వాళ్ళాయన పిల్లను ఎత్తుకుని ముందుకు వెళ్ళారు. తెల్లగౌనులో పిల్ల వదిన మెడ గట్టిగా కరుచుకుని ఉంది. వదిన మొహం చూడాలి ఆ క్షణంలో. ఎన్నేళ్ళ ప్రార్థన ఫలించిందో ఆ మొహంలో ఉంది. అది చూసి మడతలమ్మాయికి లేచే ధైర్యం సగం చచ్చింది.

"ఈ బిడ్డను దేవుని సన్నిధికి తెచ్చిన తల్లి ఎవరు?" అన్నారు పాస్టరుగారు.

వదిన ఊపిరి పీల్చుకుంది.

"నేను" అని వెనక నుంచి వినపడింది.

పెద్దగా కూడా అనలేదు. అయినా తలలన్నీ తిరిగాయి. ట్రాలీ తల్లి లేచి నిలబడి ఉంది. సూది పెద్దమ్మ "స్తోత్రం" అని గొణిగింది. బెంచీల మధ్య దారి ఎంత పొడుగుందో ఆమెకి అప్పుడే తెలిసింది. వెళ్ళి వదిన ముందు నిలబడింది.

"వదినా, పిల్లనివ్వు."

"ఇప్పుడా? ఇంతమందిలో?" అంది వదిన. పిల్లను ఇంకా దగ్గరికి హత్తుకుంది. "ఒప్పుకున్నావు కదే. నీ మీద నీకు నమ్మకముందా? నిజం చెప్పు, దేవుడి ముందు."

"లేదు" అంది మడతలమ్మాయి. "నమ్మకం వచ్చాక ఎత్తుకుందామని కూర్చుంటే దానికి పెళ్ళి కూడా అయిపోతుంది వదినా. నా మీద నాకు లేదు. ఎత్తుకోమన్న ఆయన మీద ఉంది. కాస్త ఉంది. నువ్వు రోజూ నా పక్కన ఉండు, నా చేతులు చూస్తూ ఉండు, తప్పు చేస్తే కొట్టు. కానీ తల్లిని నేను."

భర్త ఎప్పుడొచ్చాడో పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఇవ్వక్కా" అన్నాడు. జన్మలో మొదటిసారి ఆయన నోటినుంచి అవునో కాదో తేలే మాట వచ్చింది.

వదిన ఇచ్చింది. ఎలా ఇచ్చిందో ఆవిడకే తెలియాలి. ఇచ్చాక ఆవిడ చేతులు పిల్లను పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయాయి. మడతలమ్మాయి పిల్లను రెండు చేతులతో పట్టుకుంది. బరువుగా ఉంది, వెచ్చగా ఉంది. గుండె పొంగిపోతుందేమోనని ఒక్క క్షణం చూసింది. పొంగలేదు. భయమేసింది, అంతే. వదల్లేదు.

పిల్ల బిగుసుకుపోయింది. కొత్త మొహం చూసింది. వెనక్కి విరుచుకుని, వదిన వైపుకి రెండు చేతులూ చాచి, చర్చి అదిరిపోయేలా "అమ్మా!" అని ఏడ్చింది.

వదిన నోరు తెరిచింది. ఆ పిలుపు ఆవిడదే, అబద్ధమాడి ప్రయోజనం లేదు. కానీ పలకలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పేసుకుంది.

"ఆఁ" అంది మడతలమ్మాయి. "ఇక్కడే ఉన్నానమ్మా."

పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.